పెళ్లయితే జీతం పెరుగుతుందా?

వ్యాఖ్యాత: పెళ్లయిన మగవాళ్లకు బ్రహ్మచారుల కంటే జీతాలు ఎక్కువని అమెరికా లెక్కలు చాలాకాలంగా చెబుతున్నాయి. పెళ్లి మనిషిని అంత పనిమంతుణ్ణి చేస్తుందా మేడమ్?

అర్థశాస్త్ర అధ్యాపకురాలు: (నవ్వుతూ) మా ఇంట్లో దాఖలాలు లేవండీ. నిలకడగా సంపాదించేవాడికే ముందు సంబంధం కుదురుతుంది, అదొక కారణం. వంటావార్పూ మరొకరు చూసుకోవడం ఇంకొకటి. అయితే, 1995లో లీ బాడ్జెట్ అనే ఆర్థికవేత్త చదువు, అనుభవం, వృత్తి ఒకేలా ఉన్నవారిని పోల్చి చూశారు. గే, బైసెక్సువల్ పురుషులకు మిగతా మగవాళ్ల కంటే 11 నుంచి 27 శాతం తక్కువ వస్తోందని తేల్చారు. పనితనంతో పొంతనలేని తేడా అది.

మానవ వనరుల అధికారి: 30 ఏళ్ల కిందటి మాట కదా!

అధ్యాపకురాలు: 2017లో కార్పెంటర్, ఎప్పింక్ అనే పరిశోధకులు అమెరికాలోనే కొత్త సర్వేలు చూస్తే గే పురుషులకే సుమారు 10 శాతం ఎక్కువ కనిపించింది. అలాగని వివక్ష పోయిందనను. తానెవరో సర్వేకు చెప్పగలిగినవాళ్లే లెక్కలోకి వస్తారు.

వ్యాఖ్యాత: మరి మహిళలు?

న్యాయవాది: లెస్బియన్ మహిళలకు తోటి మహిళల కంటే కాస్త ఎక్కువేనని చాలా అధ్యయనాలు చెప్పాయి. సంబరపడకండి. ఆ ఇంటికి వచ్చేవి రెండూ ఆడవాళ్ల జీతాలే.

అధికారి: ఇంక్రిమెంట్ల సమావేశంలో ఒక మాట తరచూ వింటాం: "పాపం, ఆయనకు ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు." అదే ఇద్దరు పిల్లలు ఆవిడకుంటే "సెలవులు పెడుతుందేమో" అంటారు. ఒంటరిగా ఉన్నవాడికైతే "ఖర్చేముందిలే!"

న్యాయవాది: మన దగ్గర అసలు దెబ్బ జీతం చీటీలో కనపడదు. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కాదంది, 2023లో వివాహ హక్కు మాత్రం ఇవ్వలేమంది. పక్కసీటు ఉద్యోగి భార్యకు ఆపరేషన్ అయితే గ్రూప్ బీమా కడుతుంది. గే ఉద్యోగి భాగస్వామికైతే చాలాచోట్ల జేబులోంచే పెట్టుకోవాలి. ఇద్దరి జీతమూ ఒకటే!

వ్యాఖ్యాత: చట్టం మారేదాకా కంపెనీలు చేయగలిగింది లేదా?

అధికారి: ఎందుకు లేదు? బీమా ఫారంలో భార్య, భర్తతో పాటు 'భాగస్వామి' గడి చేర్చిన సంస్థలు మన దేశంలోనే ఉన్నాయి.

న్యాయవాది: ఆ గడి నింపితే ఆఫీసంతటికీ చెప్పినట్టే అవుతుందని భయపడేవాళ్లున్నారు. ముందు ఆ ఫారం మేనేజరు బల్ల మీదకు రాకుండా నేరుగా బీమా విభాగానికి వెళ్లే ఏర్పాటు చేయండి.