టీడీఎస్ బాగుంటే నీళ్లు మంచివేనా?

(బెంగళూరు తెలుగు శ్రోతల కోసం తాగునీటిపై ఫోన్-ఇన్ నుంచి కొంత భాగం)

యాంకర్: హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: మారతహళ్లి నుంచి మేడమ్. సొంతూరు బేతంచెర్ల దగ్గర పల్లె. ఇంట్లో బావి నీళ్లే తాగుతారు. మొన్నటి వానలకు అమ్మకూ నాన్నకూ విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు చూస్తే తేటగా ఉన్నాయి, మీటరు పెట్టి చూస్తే టీడీఎస్, అదే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 420. మరి తేడా ఎక్కడ?

నిపుణురాలు: ఇప్పుడెలా ఉన్నారు వాళ్లు?

కాలర్: తేరుకున్నారు మేడమ్.

నిపుణురాలు: మంచిది. ఆ మీటరును కాసేపు పక్కన పెట్టండి. కరిగిన లవణాలెన్నో తప్ప క్రిముల సంగతి దానికి తెలీదు. బెంగళూరులో ఎవరింటికెళ్లినా పెన్నులాంటి ఆ మీటరు తీసి చూపిస్తారు, బ్యాక్టీరియా రిపోర్టు అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారు! సరే, మీ ఊళ్లో అన్నీ నాపరాళ్లే కదా?

కాలర్: అవును, మా ఇంటి గచ్చు కూడా.

నిపుణురాలు: నాపరాయి అంటే సున్నపురాయే. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది, ఆ రాతిని కరిగిస్తూ పోతుంది. పగుళ్లు సందులై, సందులు గుహలవుతాయి. మీ వైపు బెలుం గుహలు అలా వచ్చినవే, 3 కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి నేలను కార్స్ట్ అంటారు. ఇసుక నేలలో నీరు వడకట్టుకుంటూ మెల్లగా దిగుతుంది. ఇక్కడ ఆ సందుల్లో పడిందంటే రోజుకు వందల మీటర్లు కూడా పోగలదు.

కాలర్: మరుగుదొడ్డి గుంట బావికి 50 అడుగుల అవతలే తవ్వించాం మేడమ్.

నిపుణురాలు: అది మామూలు నేలకు చెప్పే లెక్క. కెనడాలో వాకర్టన్ అని చిన్న పట్టణం ఉంది. 2000 మే నెలలో పెద్ద వాన పడి, పశువుల ఎరువులోని ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఊరి బావిలోకి దిగింది. అక్కడా పగుళ్లున్న రాతినేలే. క్లోరిన్ కూడా సరిగా వేయలేదు. 2,000 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు.

కాలర్: అంటే నేల కింద నీళ్లలో క్రిములే ఉండకూడదా?

నిపుణురాలు: ఎందుకుండవు? రాతి గోడలను పట్టుకుని బతికేవి బోలెడు. రొమేనియాలో 1986లో బయటపడిన మొవీలే గుహలో వెలుతురే లేదు. అక్కడి బ్యాక్టీరియా గంధకం, మీథేన్ నుంచి శక్తి తీసుకుంటాయి, వాటి మీద ఆధారపడి సాలీళ్లు, జెర్రులు బతుకుతున్నాయి! ఇలా రాతిలో బతికేవాటితో మనకు పెద్దగా తంటా లేదు. మనుషుల పేగుల్లోంచి, పశువుల పేగుల్లోంచి వచ్చి చేరేవాటితోనే. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై ఒక్కటి కూడా కనిపించకూడదని మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది.

యాంకర్: ఇంతకీ వీళ్లేం చేయాలి?

నిపుణురాలు: ముందు తాగే నీళ్లు కళపెళా కాచుకోవాలి. శాంపిల్ వాన వెలిసిన మర్నాడే తీయించండి, ఎండాకాలంలో ఏ బావైనా బుద్ధిమంతురాలే. మంచి బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు, వేశాక గంటైనా ఆగాలి. నీళ్లు బురదగా ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. అవునూ, మీ ఊళ్లో ఎంత వానొచ్చినా నీళ్లు నిలవని గుంటలేమైనా ఉన్నాయా?

కాలర్: ఒకటుంది మేడమ్. కోళ్ల ఫారం చెత్తంతా అందులోనే పోస్తారు.

నిపుణురాలు: మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయనుకున్నారు?

కాలర్: ...అయ్యో.

నిపుణురాలు: పంచాయతీలో ముందు ఆ గుంట సంగతి ఎత్తండి. బ్లీచింగ్ సంగతి తర్వాత.

యాంకర్: ఇంకో కాలర్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి.

కాలర్: మా అపార్ట్‌మెంట్ బోరు 900 అడుగులు మేడమ్. అంత లోతుకు క్రిములెలా వస్తాయి?

నిపుణురాలు: బెంగళూరు కింద ఉన్నది గ్రానైట్, నీస్ రాళ్లు. గుహలుండవు గానీ పగుళ్లుంటాయి. బోరులో దింపే కేసింగ్ పైపు చుట్టూ సరిగా మూయకపోతే పై నీళ్లు పైపు పక్కనుంచే దిగిపోతాయి. అది అలా ఉంచండి, నేల కింద నీళ్లు నిలవచేసే మీ సంప్ మూత ఎప్పుడు తీసి చూశారు?

కాలర్: అది... వాచ్‌మన్‌ను అడగాలి మేడమ్.