నెమలి కిటికీని సందులో ఉంచిన మ్యూజియం

ముందు ఈ కిటికీ చూడండి. మధ్యలో పురి విప్పిన నెమలి. చుట్టూ పరుచుకున్న ఈకలే దీనికి కమ్మీలు. లోపలికి గాలి, వెలుతురు వెళ్లాలంటే ఆ ఈకల సందుల్లోంచే వెళ్లాలి. అంచు వెంబడి బారులు తీరిన చిన్న చిన్న పిట్టలు. ఇంత పనితనం పెట్టి, దీన్ని ఉంచింది ఎక్కడ? ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిన సందులో! తల పైకెత్తి ఎంతసేపు చూసినా టికెట్ అక్కర్లేదు.

ఇది నేపాల్‌లోని భక్తపూర్. కాఠ్మండూకు తూర్పున పదమూడు కిలోమీటర్ల దూరం. ఈ గోడ పూజారీ మఠానిది. దత్తాత్రేయ ఆలయ పూజారుల నివాసంగా 15వ శతాబ్దంలో, యక్షమల్ల రాజు కాలంలో కట్టారని చెబుతారు. ఇప్పుడు ఇందులో కొయ్య చెక్కడాల జాతీయ మ్యూజియం ఉంది. 1970లో నేపాల్ యువరాజు బీరేంద్ర పెళ్లికి పశ్చిమ జర్మనీ ఇచ్చిన కానుక ఏమిటో తెలుసా? ఈ మఠం మరమ్మతు! పెళ్లికి వెండి కంచాలు చదివించడం చూశాం గానీ, పాత ఇల్లు బాగుచేసి పెట్టడం నేను ఇక్కడే విన్నాను.

లోపల నర్తకీదేవి విగ్రహం ఉంది, భైరవుడు ఉన్నాడు. బాగుంటాయి, చూడండి. నా కాళ్లు మాత్రం జాలీ కిటికీల దగ్గరే ఆగిపోయాయి.

ఈ జాలీని దగ్గరగా చూపిస్తాను. చెక్కకు కన్నాలు పెడితే వచ్చినది కాదిది. సన్నని కమ్మీలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా గాడి కోశారు. ఒక గాడిలో ఇంకొకటి కూర్చుని, కమ్మీలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. మేకు లేదు, జిగురు లేదు. గాడి కాస్త వదులైతే జాలీ ఊగుతుంది, కాస్త బిగువైతే కమ్మీ చీలుతుంది. ఈ కాఠ్మండూ లోయలో స్థానికులైన నేవార్ జాతి వడ్రంగులు తరతరాలుగా చేస్తున్న పని ఇది. లోపల కూర్చున్నవాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధిలో వాళ్లకు లోపలివాళ్లు కనిపించరు.

కలప సాలవృక్షానిది, అంటే మన గుగ్గిలం చెట్టు. చేవ గట్టిది, ఉలికి ఓ పట్టాన లొంగదు. పైగా ఈ కిటికీలను గోడ కట్టాక అమర్చరు. గోడ లేస్తుండగానే నిలబెడతారు. పై దూలం, కింది గడప చౌకట్టును దాటి రెండు పక్కలా ఇటుకల్లోకి చొచ్చుకుపోతాయి. అందుకే వడ్రంగి కొలత తప్పితే తాపీమేస్త్రీ పని కూడా ఆగిపోతుంది. ఆ ఇద్దరి మధ్య మాటలు ఎలా ఉండేవో ఊహించుకోండి!

మళ్లీ సందులోకి వచ్చాం. ఈ నెమలి కిటికీ నమూనాలు భక్తపూర్ దుకాణాల నిండా ఉన్నాయి, అరచేతిలో పట్టేవి కూడా. కొనేముందు ఒకసారి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఈకల సందుల్లోంచి వెలుతురు రావాలి. రాలేదంటే, పక్క దుకాణం చూడండి.