గుంటూరు 522002: మా పిన్‌కోడ్ లెక్కల్లో ఎంత గట్టిది?

నమస్తే అండి. మా బ్రాడీపేటలో ఏ కవరు మీదైనా కనిపించే నంబరు ఇది, 522002. ఈ వీడియోలో రివ్యూ దీనికే. మొన్న స్పీడ్ పోస్ట్ కవరు మీద అడ్రస్ రాస్తూ ఊరికే కారణాంకాలు కట్టాను. ఆ కాగితం ఇంకా జేబులోనే ఉంది.

విడగొడితే 2 × 13 × 17 × 1181. నాలుగూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాలేదు. మొత్తం కారణాంకాలు 16. తనను వదిలేసి మిగతావి కలిపితే 371590, అంటే తనకంటే తక్కువ. కాబట్టి 6, 28 లాగా పరిపూర్ణ సంఖ్య కాదు. ఇంతవరకు మామూలే.

ఇప్పుడు 13, 17, 1181లను 4తో భాగించండి. మూడింటికీ శేషం 1. అలాంటి ప్రధాన సంఖ్య రెండు వర్గాల మొత్తం అవుతుందని ఫెర్మా 1640లో ఉత్తరంలో రాశాడు, తర్వాత ఆయిలర్ నిరూపించాడు. 13 అంటే 9+4. 17 అంటే 16+1. 1181 అంటే 34 వర్గం, 5 వర్గం. అలాంటివాటిని గుణించినా రెండు వర్గాల మొత్తమే వస్తుందని మన బ్రహ్మగుప్తుడు ఏడో శతాబ్దంలోనే చెప్పాడు. అలా మన పిన్‌కోడ్ నాలుగు రకాలుగా వస్తుంది, రాసుకోండి:

709² + 139²
719² + 71²
601² + 401²
691² + 211²

ఆ ఎనిమిదీ ప్రధాన సంఖ్యలే! చూసి నాకు ఒళ్లు పులకరించింది. యాదృచ్ఛికం అనుకున్నాను, రాత్రంతా నిద్రపట్టలేదు. తెల్లారేసరికి కారణం దొరికింది.

జతలో ఒకటి 3 గుణిజం అనుకోండి. అప్పుడు 522002ను 3తో భాగిస్తే వచ్చే శేషం రెండోదాని వర్గం నుంచే రావాలి. మనకు శేషం 2. ఏ వర్గాన్ని 3తో భాగించినా శేషం 2 రాదు! 5, 7, 11, 19, 23 దగ్గరా ఇదే అడ్డు, శేషాలు వరసగా 2, 5, 8, 15, 17. 13 ఒకదాన్ని భాగిస్తే రెండోదాన్నీ భాగించాలి, అప్పుడు 169 మన సంఖ్యలో ఉండాలి, లేదు. 17కీ అంతే. రెండిట్లో ఒకటి సరి సంఖ్య అయితే రెండోదీ సరి కావాలి, కానీ 522002ను 4 భాగించదు. తర్వాతి ప్రధాన సంఖ్య 29, దాని వర్గం 841. చిన్న ప్రధాన సంఖ్యలేవీ భాగించని సంఖ్య తాను ప్రధాన సంఖ్య కాకపోతే కనీసం అంత ఉండాలి. ఈ ఎనిమిదిలో ఏదీ అంత పెద్దది కాదు. ఇక ప్రధాన సంఖ్యలు కాక ఏమవుతాయండీ?

పక్కనున్న 522003 చూస్తే, 3 దాన్ని ఒక్కసారే భాగిస్తుంది. రెండు వర్గాల మొత్తాన్ని 3 భాగిస్తే ఆ రెండు సంఖ్యలనూ 3 భాగించాలి, అప్పుడు మొత్తాన్ని 9 కూడా భాగించాలి. అందుకని దాన్ని రెండు వర్గాల మొత్తంగా ఒక్క రకంగా కూడా రాయలేం.