మోటారు లాగిన వాట్లలో పడవకు అందేవి ఎన్ని?

(నల్లగొండ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: పాలిటెక్నిక్‌లో విద్యుత్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకుడు, మోటారు వైండింగ్ మెకానిక్, నాగార్జునసాగర్ జలాశయంలో చేపలు పట్టే మత్స్యకారుడు.)

వ్యాఖ్యాత: అన్నా, మీ పడవకు బ్యాటరీ మోటారు పెట్టారు కదా. ఎన్ని హెచ్‌పీ?

మత్స్యకారుడు: అదే తెలియడం లేదు. 12 వోల్టులు, 55 పౌండ్లు అని రాసి ఉంది. మా పొలంలో బోరు మోటారు మీద 5 హెచ్‌పీ అని ఉంటుంది. దీని మీద ఈ పౌండ్లేమిటి?

అధ్యాపకుడు: అది సామర్థ్యం, అంటే పవర్, కాదండి, తోసే బలం. పడవను గట్టుకు కట్టి మోటారు తిప్పితే తాడును ఎంత గట్టిగా లాగుతుందో ఆ లెక్క. 55 పౌండ్లంటే సుమారు 25 కిలోలు. కట్టేసిన పడవ కదలదు కనుక దానికి అందే సామర్థ్యం సున్నా. బ్యాటరీ మాత్రం దిగిపోతూనే ఉంటుంది! ఇక మీ బోరు మోటారు 5 హెచ్‌పీ అన్నది ఇరుసు దగ్గర వచ్చేది. హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున 3,730 వాట్లు. లైను నుంచి లాగేది అంతకంటే ఎక్కువే. పడవ మోటారుకు వాట్లు చెప్పేవారు చాలాసార్లు బ్యాటరీ నుంచి లాగేదే చెబుతారు.

వ్యాఖ్యాత: మరి లాగేది ఎంతో చూడడం ఎలా?

మెకానిక్: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే చాలు. కానీ మోటారు నీటిలో ఉన్నప్పుడే చూడాలి. గట్టు మీద తిప్పితే భారం ఉండదు, కరెంటు కొంచెమే లాగుతుంది. వోల్టేజి కూడా బ్యాటరీ దగ్గర కాదు, మోటారు తీగల దగ్గర చూడాలి. తీగ సన్నదైతే దారిలోనే ఒక వోల్టు పోతుంది. ఇంకొకటి, తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంది కదా, మన దగ్గర చాలామంది వాడే చవకది ఏసీకే పనిచేస్తుంది. బ్యాటరీ నుంచి వచ్చే డీసీ తీగకు తగిలించి, సున్నా చూపగానే మీటరు పాడైందని పక్కన పడేస్తారు.

అధ్యాపకుడు: సరే, భారం మీద 11.6 వోల్టులు, 50 ఆంపియర్లు వచ్చాయనుకుందాం. 580 వాట్లు. బ్రష్‌లున్న మోటారు దక్షత, అంటే లాగిన దానిలో ఇరుసుకు చేరే భాగం, 70 శాతం అనుకుంటే ఇరుసుకు సుమారు 400 వాట్లు.

మత్స్యకారుడు: అంటే అర హెచ్‌పీ! అంతేనా?

అధ్యాపకుడు: ఇంకా తగ్గుతుంది. ఫ్యాను రెక్కలు నీటిని చిలకడంలో దాదాపు సగం పోతుంది. పడవను నిజంగా నడిపేది 200 వాట్లే. నమ్మకపోతే తూకంతో తేల్చుకోవచ్చు. మీ మోటారును పైకెత్తి, మీరు మామూలుగా వెళ్లే వేగంతోనే ఇంకో పడవతో లాగించండి. మధ్యలో తాడుకు స్ప్రింగు కాటా కట్టండి. సెకనుకు ఒకటిన్నర మీటర్ల దగ్గర కాటా 14 కిలోలు చూపిందనుకోండి. 14ను 9.8తో, దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 206 వాట్లు. కట్టేసినప్పుడు వచ్చిన 25 కిలోలను ఈ వేగంతో గుణిస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

మెకానిక్: వేగం ఫోనులోనే కనిపిస్తుంది. గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి వెళ్లి సగటు తీయాలి.

మత్స్యకారుడు: రెండో మోటారు పెడితే రెట్టింపు వేగం వస్తుందా?

అధ్యాపకుడు: రాదు. రెట్టింపు వేగానికి సుమారు ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి. రెండు మోటార్లతో వేగం పావు వంతు పెరిగితే గొప్ప. పైగా కరెంటు 100 ఆంపియర్లు అవుతుంది.

మెకానిక్: ఇప్పుడు 50 ఆంపియర్ల మీదే, 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ లెక్క ప్రకారం రావలసిన రెండు గంటలు రాదు. కరెంటు ఎక్కువ లాగేకొద్దీ అది ఇచ్చేది తగ్గుతుంది.

వ్యాఖ్యాత: పుట్టికి ఈ మోటారు పెట్టవచ్చా?

మత్స్యకారుడు: గుండ్రటి పుట్టి ముందుకు పోవడం కంటే గిరగిరా తిరగడమే ఎక్కువ. దానికి తెడ్డే మేలు. ఈ కాటా పరీక్ష మాత్రం నా పడవతో చేద్దాం. మీటరు మీరు తేవాలి, డీసీది.

మెకానిక్: తెస్తాను. గాలి లేవకముందే, పొద్దున్నే పెట్టుకుందాం.