నూనె వేసే ముందు చైన్ కడగండి: సైకిల్ చైన్, ఫ్రీవీల్ శుభ్రం చేసే పద్ధతి

అందరికీ నమస్కారం. ముందు ఈ శబ్దం వినండి. అమ్మడూ, ఒకసారి పెడల్ తిప్పమ్మా... చాలు. కిర్రు కిర్రుమంటూ మధ్యలో టక్కుమంటోంది, విన్నారు కదా. ఇది మా అక్క కూతురి సైకిల్. ఒంగోలులో రోజూ దీని మీదే బడికి వెళ్ళొస్తుంది. "చైన్‌కి నూనె వెయ్యి మామయ్యా" అని పొద్దున తెచ్చి నిలబెట్టింది.

నేను నూనె వెయ్యలేదు. ఎందుకో చూపిస్తాను. ఈ చైన్ మీద వేలు పెట్టి రాస్తున్నాను, చూడండి. నల్లగా కాటుకలా అంటుకుంది. ఇప్పుడు ఆ నలుపుని రెండు వేళ్ళ మధ్య నలుపుతున్నాను. గరగరలాడుతోంది. ఆ గరుకే ఇసుక. నూనె, ఇసుక కలిస్తే కత్తికి పదును పెట్టే ముద్దలాంటిది తయారవుతుంది. దాని మీద ఇంకో నాలుగు చుక్కల నూనె వేస్తే శబ్దం ఒక రోజు ఆగుతుంది. అరుగుదల మాత్రం ఆగదు. పైనున్న మట్టిని మనమే లోపలికి తోసినట్టు అవుతుంది.

మా ఊరి సంగతి మీకు తెలిసిందే. తూర్పుకి కొత్తపట్నం వైపు తొక్కితే ఇసుక, ఉప్పుగాలి. పడమటికి కర్నూలు రోడ్డు పట్టుకుని చీమకుర్తి వైపు వెళితే గ్రానైట్ లారీలు, రాతిపొడి. ఏ వైపు వెళ్ళినా చైన్‌కి శత్రువే.

నేను రెండేళ్ళు ఆ చీమకుర్తి దారిలో పనికి సైకిల్ మీద తిరిగాను. దారిలో ఒక షెడ్డులో బండ్ల నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ ఇచ్చేవాళ్ళు. అది చిక్కగా ఉంటుంది, ఊరికే వస్తుంది, వారం వారం పోసేవాణ్ణి. ఒకరోజు ఎత్తు ఎక్కుతూ లేచి నిలబడి బలంగా తొక్కాను. చైన్ ఫ్రీవీల్ పళ్ళ మీద నుంచి జారింది. ఫ్రీవీల్ అంటే వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రం. మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుని రోడ్డు మీద పడ్డాను. వెనక లారీ దూరంగా ఉంది కాబట్టి బతికాను. విప్పి చూస్తే చైన్ సాగిపోయింది, ఫ్రీవీల్ పళ్ళు కొక్కేల్లా అరిగిపోయాయి, పెడళ్ళ దగ్గరుండే ముందు పళ్ళ చక్రం కూడా పోయింది. మూడూ మార్చాల్సి వచ్చింది. ఆ పాత ఇంజన్ ఆయిల్‌లో ఇంజన్ మసి, ఇనుప రజను ముందే ఉంటాయి. దయచేసి దాన్ని చైన్‌కి వాడకండి. వంటనూనె కూడా వద్దు. కొన్నాళ్ళకి జిగురుగా మారి దుమ్ముని ఇంకా పట్టుకుంటుంది.

ఒక నిమిషం చైన్ లోపల ఏముందో చూద్దాం. ఇది పాత చైన్ ముక్క, మీ కోసం విప్పాను. బయట రేకులు రెండు, లోపలి రేకులు రెండు, మధ్యలో పిన్ను. ఆ పిన్ను చుట్టూ తిరిగే ఈ చిన్న గొట్టం పేరు రోలర్. ఈ రకం రోలర్ చైన్‌కి 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్నాడు. మూల పద్ధతి ఇప్పటికీ అదే. పళ్ళ చక్రం పంటికి తగిలేది రోలర్, అరిగేది లోపల పిన్ను. చైన్ సాగింది అంటాం కానీ, నిజానికి రేకులు సాగవు. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి అరుగుతుంది, అలా వంద చోట్ల అరిగితే మొత్తం పొడవు పెరుగుతుంది. అంటే నూనె కావాల్సింది ఈ పిన్ను దగ్గర, రోలర్ లోపల. బయట రేకులకి పల్చటి తడి ఉంటే చాలు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా పనంతా మీకే అర్థమవుతుంది.

కడిగే ముందు ఒక కొలత తీసుకుందాం. అరిగిపోయిన చైన్‌ని గంటసేపు కడగడం వృథా. స్టీలు స్కేలు తీసుకోండి, గుడ్డ టేపు వద్దు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కాబట్టి కొత్త చైన్‌లో 24 ఖాళీలు దాటిన పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ముందుకి జరిగితే చైన్ మార్చండి, ఫ్రీవీల్ దక్కుతుంది. ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్లు జరిగితే మాత్రం ఫ్రీవీల్ కూడా అరిగిపోయి ఉంటుంది. నాకు జరిగింది అదే. అమ్మడూ, ఎంత చూపిస్తోంది?... గీత మీద నుంచి కొంచెమే జరిగింది. ఈ చైన్ బతికే ఉంది. కడుగుదాం.

కావాల్సినవి: అరలీటరు పైచిలుకు కిరసనాయిల్, వెడల్పు మూతి ఉన్న పాత పచ్చడి డబ్బా, రెండు పాత పళ్ళ బ్రష్షులు, ఒక పాత లుంగీ, గిన్నెలు తోమే సబ్బు, కుట్టుమిషన్ ఆయిల్ కానీ సైకిల్ చైన్ ఆయిల్ కానీ. కిరసనాయిల్ దొరక్కపోతే డీజిల్ పనికొస్తుంది, కాకపోతే సబ్బుతో ఇంకోసారి ఎక్కువ కడగాలి.

పెట్రోల్ మాత్రం వద్దు. నిప్పురవ్వ తగిలితే చాలు, దాని ఆవిరి మామూలు వేడికే అంటుకుంటుంది. కిరసనాయిల్ అంత ప్రమాదం కాదని చాలామంది ధైర్యంగా ఉంటారు. కానీ 38 డిగ్రీల చుట్టుపక్కలకి వస్తే కిరసనాయిల్ ఆవిరి కూడా నిప్పు తగిలితే అంటుకునే స్థితికి వస్తుంది. రోహిణి కార్తెలో మన జిల్లాలో మధ్యాహ్నం వేడి ఎంత ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ పని పొద్దున్నే, నీడలో, గాలి ఆడే చోట చెయ్యండి. పక్కన బీడీ, సిగరెట్, పొయ్యి ఏదీ ఉండకూడదు. ఇంకో మాట. కిరసనాయిల్‌ని మంచినీళ్ళ సీసాలో ఎప్పుడూ పొయ్యకండి. చిన్నపిల్లలు నీళ్ళనుకుని తాగుతారు. నేను ఈ డబ్బా మీద పెద్ద ఎర్ర గీత గీసి, అటక మీద పెడతాను.

ఇప్పుడు చైన్ తీద్దాం. మామూలు సైకిల్ చైన్‌కి ఒక జాయింట్ లింక్ ఉంటుంది. దాని మీద ఈ క్లిప్ చూడండి, చిన్న చేపలా ఉంది. మూసి ఉన్న వైపు తల, చీలి ఉన్న వైపు తోక. తోక చివర స్క్రూడ్రైవర్ మొన ఆనించి తలవైపు నెట్టాలి. ఇంకో చెయ్యి అడ్డం పెట్టండి, లేకపోతే ఎగిరిపోతుంది. మట్టిలో పడితే వెతకడం కష్టం. అదిగో, వచ్చింది. దీన్ని ఒక మూతలో వేసి పక్కన పెడుతున్నాను.

చాలా గేర్ సైకిళ్ళకి జాయింట్ దగ్గర క్విక్ లింక్, అంటే క్లిప్ లేకుండా విప్పి కలిపే లింక్ ఉంటుంది. 11, 12 స్పీడ్ (వెనక 11, 12 పళ్ళ చక్రాలున్న సైకిళ్ళ) చైన్లలో చాలా కంపెనీలు ఆ లింకుని ఒకసారి తీస్తే మళ్ళీ వాడొద్దంటాయి. అలాంటిదైతే చైన్ తియ్యకుండా సైకిల్ మీదే బ్రష్షుతో కడగండి.

తడి చేసే ముందు పొడి దుమ్ము దులపాలి. పొడి బ్రష్షుతో రెండు నిమిషాలు రుద్దితే సగం ఇసుక ఇక్కడే రాలిపోతుంది. కింద పేపర్ మీద ఎంత పడిందో చూడండి.

చైన్‌ని డబ్బాలో వేస్తున్నాను. మునిగేంత కిరసనాయిల్, సుమారు 200 మిల్లీలీటర్లు. మూత గట్టిగా బిగించి రెండు నిమిషాలు ఊపండి. పది నిమిషాలు వదిలి మళ్ళీ ఊపండి. ఇప్పుడు పోస్తాను... ఇంగువ కలిపిన చారులా కూడా లేదు, తారులా ఉంది. అడుగున మెరుస్తున్నవి చూశారా? ఇసుక రేణువులు. ఇదంతా పిన్నుల మధ్య నుంచి వచ్చింది. బయట గుడ్డతో ఎంత తుడిచినా ఇది రాదు. అందుకే రెండోసారి, మూడోసారి కొత్త కిరసనాయిల్‌తో చెయ్యాలి. రెండోసారి టీ రంగు వస్తుంది. మూడోసారి దాదాపు తేటగా ఉండాలి. నా అనుభవంలో చాలామంది ఒక్కసారి కడిగి ఆపేస్తారు. అప్పుడు బయటి మురికి కరిగి లోపలికి చేరుతుంది, అంతకన్నా కడగకపోవడమే నయం. మూడుసార్లూ చెయ్యండి.

అది నానుతుండగా ఫ్రీవీల్ చూద్దాం. ఇక్కడ జాగ్రత్త. వెనక చక్రం ఇరుసులో బేరింగ్ గోళీలు, గ్రీజు ఉంటాయి. ఫ్రీవీల్ లోపల కూడా గోళీలు, తొక్కడం ఆపినప్పుడు టకటకలాడే చిన్న ముక్కలు ఉంటాయి. కిరసనాయిల్ ధారగా పోస్తే అక్కడి గ్రీజు కరిగిపోతుంది. కాబట్టి బ్రష్షుని ముంచి, బాగా దులిపి, తడి బ్రష్షుతో పళ్ళు మాత్రమే రుద్దాలి. గేర్ సైకిల్‌లో వెనక పళ్ళ చక్రాల మధ్య సందుల్లోకి లుంగీ పట్టీ ఒకటి చించి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ లాగండి. వెనక డీరైలర్‌లో, అంటే చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగంలో, రెండు చిన్న పుల్లీలు ఉంటాయి. వాటి అంచుల్లో నల్లటి ముద్ద గట్టిపడి ఉంటుంది. ఐస్‌క్రీమ్ పుల్లతో గీకితే పట్టీలా ఊడొస్తుంది. ముందు పళ్ళ చక్రం సులువు, బ్రష్షుతో రుద్ది తుడిచెయ్యండి.

రిమ్ముకి, బ్రేకు రబ్బర్లకి, డిస్క్ ఉంటే డిస్క్‌కి ఒక్క చుక్క కూడా తగలనివ్వకండి. తగిలితే బ్రేకు పట్టదు. నేను డిస్క్‌కి ప్లాస్టిక్ సంచి చుట్టి పని మొదలుపెడతాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకరు పెడల్ తిప్పుతుంటే ఇంకొకరు చైన్ తుడవకూడదు. పిల్లలు ఉత్సాహంగా గబగబా తిప్పుతారు. గుడ్డ పళ్ళలో చిక్కుకుంటే వేలు కూడా లోపలికి పోతుంది. తిప్పేవాళ్ళే తుడవాలి, వెనక్కి తిప్పుతూ, కింది వరస దగ్గర మాత్రమే. అమ్మడూ, నువ్వు కాస్త దూరంగా కూర్చో.

ఇప్పుడు సబ్బు. మగ్గు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు కలిపి చైన్‌ని బ్రష్షుతో రుద్దండి. కిరసనాయిల్ పొర మిగిలితే కొత్త నూనెని పల్చన చేసేస్తుంది. నీళ్ళ గురించి ఒక మాట. మా వీధి బోరునీళ్ళు ఉప్పన. సబ్బు పని వాటితో చేసుకోండి కానీ, చివరి కడుగుడు మాత్రం మంచినీళ్ళతో చెయ్యండి. ఒక్క చెంబు చాలు. ఉప్పునీళ్ళతో కడిగి ఎండబెడితే సాయంత్రానికి ఎర్రటి తుప్పు పొడ కనిపిస్తుంది. నేను ఆ పొరపాటు చేశాను. బండ్లు కడిగే చోట ప్రెషర్ పైపుతో కొట్టించడం కూడా వద్దు, ఆ నీళ్ళు బేరింగుల్లోకి దూరతాయి.

గుడ్డతో గట్టిగా తుడిచి ఎండలో ఆరబెట్టండి. మన ఎండకి అరగంట చాలు. కార్తీకం ముసురులో అయితే ఫ్యాన్ కింద రాత్రంతా ఉంచండి. లోపల తడి ఉండగా నూనె వేస్తే నీటిని లోపల బంధించినట్టే.

ఆరింది. చైన్ ఎక్కిస్తున్నాను. క్లిప్ దిశ గుర్తుపెట్టుకోండి. చేప ఎటు ఈదుతుందో తల అటే ఉండాలి. పై వరసలో చైన్ ముందుకి నడుస్తుంది కాబట్టి, క్లిప్ పైన ఉన్నప్పుడు తల ముందు చక్రం వైపు చూడాలి. తిరగేసి పెడితే తోక దేనికో తగిలి ఊడిపోయే ప్రమాదం ఉంది. చైన్ మధ్యలో వేలితో నొక్కి చూడండి. అర అంగుళం ఆడాలి. మరీ బిగువుగా ఉన్నా మంచిది కాదు.

ఇప్పుడు నూనె. ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క. కింది వరసలో, లోపలి వైపు నుంచి వెయ్యండి. వంద పైచిలుకు లింకులు ఉంటాయి, ఓపికగా లెక్కపెట్టుకుంటూ వెళ్ళాలి. జాయింట్ లింక్ దగ్గర మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. కుట్టుమిషన్ ఆయిల్ పల్చన కాబట్టి లోపలికి త్వరగా దిగుతుంది, కానీ వారం పది రోజులకే మళ్ళీ వెయ్యాలి. వానల్లో తిరిగేవాళ్ళు చిక్కటి చైన్ ఆయిల్ వాడండి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే తుప్పు వదిలించడానికి బాగుంటుంది, చైన్‌కి వేసే నూనెగా మాత్రం ఎక్కువ రోజులు నిలవదు.

పెడల్‌ని వెనక్కి ముప్ఫై చుట్లు తిప్పి పదిహేను నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత పొడి గుడ్డతో చైన్ బయట తుడవండి. ఇంకా తుడవండి. వేసిన నూనె అంతా తుడిచేస్తున్నామే అనిపిస్తుంది. లోపలిది ఎక్కడికీ పోదు. బయట మిగిలిందే రేపు దుమ్ముని పిలుస్తుంది. వేలు పెడితే తడి తగలాలి కానీ మరక అంటకూడదు.

1999లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీవాళ్ళు సైకిల్ చైన్ మీద పరీక్షలు చేశారు. మంచి స్థితిలో ఉన్న చైన్ 98.6 శాతం దాకా శక్తిని వెనక చక్రానికి చేరుస్తుందని తేలింది. ఆ ల్యాబ్‌లో మన దుమ్ము లేదు. మనం చేసే పనంతా చైన్‌ని ఆ స్థితికి దగ్గరగా ఉంచడమే.

ఎన్ని రోజులకి అంటే, రోజూ తిరిగే సైకిల్‌కి పదిహేను రోజులకోసారి తుడిచి నూనె వెయ్యండి. ఇలా మొత్తం విప్పి కడగడం రెండు నెలలకోసారి. కొత్తపట్నం బీచ్‌కి వెళ్ళొస్తే మాత్రం ఆ సాయంత్రమే ఒక చెంబు మంచినీళ్ళు పోసి, తుడిచి, ఆరాక నూనె వెయ్యండి. పొద్దుటికి వాయిదా వెయ్యకండి.

వాడిన కిరసనాయిల్‌ని కాలువలో పొయ్యకండి, అది చేలకో చెరువుకో చేరుతుంది. ఎర్ర గీత గీసిన సీసాలో పోసి మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచితే మురికి అడుగున పేరుకుంటుంది. పైన తేటని వంచుకుని, వచ్చేసారి మొదటి కడుగుడుకి వాడుకోవచ్చు. అడుగు మడ్డిని ఇసుకలో కలిపి, ఆ ఇసుకని కవర్లో కట్టి చెత్తబండికి ఇవ్వండి. కిరసనాయిల్ గుడ్డల్ని ముద్దగా చుట్టి ఇంట్లో మూలన పడెయ్యకుండా, బయట విడివిడిగా ఆరేసి తర్వాత పారేయండి.

అమ్మడూ, ఇప్పుడు ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళి రా. రేపు పొద్దున బడికి బయల్దేరే ముందు పొడి గుడ్డతో ఒకసారి మళ్ళీ తుడువు. రాత్రంతా లోపలి నుంచి కొంచెం నూనె బయటికి ఊరుతుంది.