ఏళ్ళ తరబడి మూలన పడ్డ బండికి ముందు కిక్కు కొట్టకండి బాబూ!

(పర్లాకిమిడి. ఇంటి వెనక వసారా. టార్పాలిన్ తీస్తే పాత స్ప్లెండర్ బైకు.)

నమస్తే అండీ. ముందు నా కోపం చెప్పేసి, అప్పుడు స్పానర్ పట్టుకుంటాను.

సూరత్ నుంచో హైదరాబాద్ నుంచో మనోళ్ళు పండక్కి ఇంటికొస్తారు. వసారాలో బండి కనబడుతుంది. గుడ్డతో దుమ్ము దులిపేసి, లీటరు పెట్రోలు పోసి, కిక్కు మీదకెక్కుతారు. ముప్పై కిక్కులు! అవలేదా, వీధిలో ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి తోయిస్తారు. సాయంత్రానికి నాకు ఫోను: "అన్నా, బండి ఏటో పట్టేసింది." పట్టెయ్యదా మరి?

ఇది మా బావగారి బండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది కదా, ఆ వారం ఇక్కడ పెట్టారు. మళ్ళీ కదల్లేదు.

ఒక్క మాట అడుగుతాను. పెరట్లో ఏళ్ళుగా వాడని నుయ్యి ఉంది. పోతూనే చేద వేసి, తోడి, తాగేస్తారా? పాత నీళ్ళు తోడిపారేస్తారు, పూడిక తీస్తారు, గిలకకి నూనె రాస్తారు. బండీ అంతే. నుయ్యి గుర్తుపెట్టుకోండి, ఇవాళంతా దానితోనే లాగిస్తాను.

ముందు గిలక. అంటే పిస్టన్. సిలిండర్ గోడకి అంటుకుని ఉండాల్సిన ఆయిలు పొర ఎప్పుడో కిందకి జారిపోయింది. మన వానల తేమకి అక్కడ తుప్పు పట్టి ఉండొచ్చు. తుప్పు గిలక మీద తాడు బలంగా లాగితే ఏమవుతుంది? ఇక్కడ తాడు తెగదు, రింగులు గోడని గీరేస్తాయి. ఆ గీతలకి సిలిండర్ లోపలంతా మళ్ళీ చెక్కించాలి, అదే బోరు పని, డబ్బు పని.

(దగ్గరగా: స్పార్క్ ప్లగ్గు.)

ప్లగ్గు విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి ఊదెయ్యండి, లేదంటే అంతా లోపలికే. సిరంజితో ఐదు నుంచి పది మిల్లీలీటర్ల ఇంజను ఆయిలు ఆ కన్నంలో వెయ్యండి. రాత్రంతా వదిలెయ్యండి. తొందరెందుకు, ఇన్నేళ్ళు ఆగింది, ఒక్క రాత్రి ఆగలేదా? పొద్దున్న ప్లగ్గు పెట్టకుండానే టాప్ గేరులో వేసి, వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగిందా, సంతోషం. తిరక్కపోతే బలం చెయ్యకండి, మళ్ళీ ఆయిలు, ఇంకో రాత్రి. తిరిగాక న్యూట్రల్‌లో నాలుగు కిక్కులు మెల్లగా. ఆ కన్నం మీద గుడ్డ వెయ్యండి, మొహం మాత్రం పెట్టకండి. ఆయిలు చిమ్ముతుంది, నాకు తెలుసు.

ఇంజనులో పాత ఆయిలు దించెయ్యండి. పాలు కలిపిన టీ రంగులో ఉందంటే లోపలికి నీళ్ళెళ్ళాయి. అప్పుడు మెకానిక్కే.

ఇక నూతిలో నీళ్ళు, అంటే ట్యాంకు. పాత పెట్రోలు వాసన చూడండి, వార్నీషులా కొడుతుంది. తేలిగ్గా ఆవిరయ్యేదంతా పోయి జిగురు మిగులుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే గాలిలో తేమ లాక్కుంటుంది, ఎక్కువైతే నీళ్ళు అడుక్కి దిగిపోతాయి. తుప్పు మొదలయ్యేది అక్కడే. మొత్తం డబ్బాలోకి దించెయ్యండి, కాలవలో పారబొయ్యకండి. పాత నూతిలోకి గాలి చూడ్డానికి దీపం దించుతారు కదా, ఇక్కడ మాత్రం ఆ పోలిక వదిలెయ్యండి! ట్యాంకులోకి టార్చే. బీడీ అవతల పారెయ్యండి మామా.

నూతిలో ఊట కన్ను ఉంటుంది, అది పూడిపోతే నీరు రాదు. కార్బురేటర్‌లో, అంటే పెట్రోలు, గాలి కలిపే భాగంలో, పైలట్ జెట్ అదే: ఇంజను నెమ్మది మీద ఆడేటప్పుడు పెట్రోలు వచ్చే దారి. గుండుసూది కంటే సన్నం కన్నం. ఆ జిగురు ముందు పూడ్చేది దాన్నే. అందుకే చోక్ (పెట్రోలు పాలు పెంచే మీట) లాగితే స్టార్టయిన బండి, చోక్ తీస్తే ఆగిపోతుంది. ఇనప తీగ పెట్టి పొడిచే వీరులున్నారు. కన్నం పెద్దదైపోతే ఆ ఇంజను ఇంక నెమ్మది మీద సరిగ్గా ఆడదు. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పెట్టండి, చాలు.

(కెమెరా వెనక నుంచి: "నాన్నా, ఛార్జింగ్ అయిపోతోంది.")

సరే సరే, గబగబా. బ్యాటరీ: ఏళ్ళ తరబడి డెడ్ అయి ఉన్నదాన్ని ఛార్జి చేస్తూ కూర్చోకండి, కొత్తది వేసుకోండి. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలకలు, సైలెన్సర్‌లో కందిరీగల మట్టి గూళ్ళు చూసుకోండి. చైనుకి ఆయిలు. డిస్క్ బ్రేకైతే బ్రేక్ ఆయిలు మార్చాల్సిందే, అది కూడా తేమ పీలుస్తుంది. డ్రమ్మైతే విప్పి, షూ లైనింగు ఊడి వచ్చేస్తోందేమో చూడండి.

టైర్లు నూతి చేంతాడు లాంటివి. చూడ్డానికి లావుగానే ఉంటుంది, బరువు పడితేనే తెలుస్తుంది. పక్కన నాలుగంకెలుంటాయి: 2316 అంటే 2016లో ఇరవై మూడో వారం తయారీ. బీటలు కనిపిస్తే మార్చెయ్యండి, అరుగుదల చూడకండి.

కాయితాలు. ఆర్‌సీ రిజిస్ట్రేషన్ నుంచి పదిహేనేళ్ళే. మన ఒడిశాలో నంబరు ప్లేటు మీద ఓఆర్ అక్షరాలు పోయి ఓడీ వచ్చింది 2012లో. మీ ప్లేటు మీద ఓఆర్ ఉందంటే గడువు దగ్గర పడినట్టో, దాటినట్టో. ఇన్సూరెన్సు, పొల్యూషను సరేసరి.

స్టార్టయ్యాక మొదటి రోజు ఊళ్ళోనే తిప్పండి, బ్రేకు పట్టు చూసుకుంటూ. తిన్నగా మహేంద్రగిరి ఘాటెక్కించకండి. ఒరే, ఆగిపోయిందా? ఇంకా చైను స్లాక్, అదే వదులు, చెప్ప...