చతురస్రం దీర్ఘచతురస్రమే! ఎర్ర పెన్నే తప్పు!

చతురస్రం దీర్ఘచతురస్రమే. మళ్లా చెప్తున్న, చతురస్రం దీర్ఘచతురస్రమే! మొన్న వీడియో పెట్టిన కాడికెల్లి కామెంట్లల్ల ఒకటే లొల్లి. "అన్నా, నీకు లెక్కలు రావు", "పిల్లను చెడగొడ్తున్నవ్" అనవట్టిరి. ఇయ్యాల తేల్చుకుందాం.

కొత్తగ వచ్చినోళ్లకు రెండే ముక్కలు. నల్లగొండల మా మేనకోడలు నాలుగో తరగతి. పరీక్షల "దీర్ఘచతురస్రాలకు సున్న చుట్టండి" అని ఇచ్చిండ్రు. నిలువుగ ఉన్నదానికి చుట్టింది, అడ్డంగ ఉన్నదానికి చుట్టింది, చతురస్రానికి గూడ చుట్టింది. సార్ ఎర్ర పెన్నుతోని కొట్టేసిండు. మార్కు పాయె.

అసలు దీర్ఘచతురస్రం అంటే ఏంది? నాలుగు భుజాలుండాలె, నాలుగు మూలలు లంబకోణాలుండాలె, ఒక్కోటి 90 డిగ్రీలు. అయిపాయె! చతురస్రానికి గివి ఉన్నయా లేవా? ఉన్నయ్! పైకెల్లి నాలుగు భుజాలు సమానం అనే ఇంకో గుణం ఉన్నది. ఒక గుణం ఎక్కువున్నదని ఇంట్లకెల్లి ఎళ్లగొడ్తరా? పాలమూరోడు తెలంగాణోడు కాదంటే ఊకుంటవా నువ్వు?

ఈ గడబిడకు కారణం ఎవరో చెప్తా ఇను. పిల్లలు గాదు. సార్లు గూడ గాదు. పేరు! ఆ పేరే కొంప ముంచింది! చతురస్రం అంటే మాట వరసకు నాలుగు మూలలది అనే. దాని ముందల "దీర్ఘ" తగిలిచ్చినం. పేరుల్నే పొడుగు పెట్టినంక, పొడుగు లేనిది అండ్లకెట్ల వస్తదని పిల్ల అనుకోదా? ఉర్దూ మీడియంల ముస్తతీల్ అంటరు, అండ్ల గూడ పొడుగే ఉన్నది. ఇంగ్లీషుల రెక్టాంగిల్ అంటే లంబకోణాలది అని అర్థం, పొడుగు ముచ్చటే లేదు. మనం గూడ "లంబ చతుర్భుజం" అని పెట్టుకుంటే ఈ లొల్లి పుట్టకపోవు!

ఒకాయన రాసిండు, పాతకాలపు గ్రీకు లెక్కల పండితుడు యూక్లిడే రెండింటిని వేరు చేసిండు అని. నిజమే, చేసిండు. 2,300 ఏండ్ల కిందటి ముచ్చట అది. ఇయ్యాల్టి గణితం కలిపే చూస్తది, ఎందుకంటే దీర్ఘచతురస్రంల కర్ణాలు, అంటే ఎదురెదురు మూలలను కలిపే గీతలు, సమానం అని ఒక్కసారి రుజువు చేస్తే చాలు, చతురస్రానికి మళ్లా మొదటికెల్లి చేసే పని ఉండదు. ఎంత సుఖం!

ఇగ బొమ్మల సంగతి. ఒక నలుచదరం పతంగి కాయిదం తీస్కో. బల్ల మీద సక్కగ పెట్టి మీ పోరన్ని అడుగు, "చతురస్రం" అంటడు. అదే కాయిదాన్ని మూల పైకి పెట్టి పట్టుకో, "డైమండ్" అంటడు! కాయిదం మారిందా? కోణం మారిందా? పోచంపల్లి చీరల మీద చూడుర్రి, మూల మీద నిలవడ్డ గళ్లు ఎన్నుంటయో. మనోళ్లు నూలుకు చిటికి కట్టి, రంగుల ముంచి, మగ్గం మీద తెచ్చే అందం అది. మన బడి చార్టుల మాత్రం చతురస్రం ఎప్పుడు చూసినా నేల మీద బాసింపట్టు ఏస్కొని కూసునే ఉంటది. త్రిభుజం మొన ఎప్పుడూ ఆకాశం దిక్కే!

1957ల పియర్ వాన్ హీలె, డీనా వాన్ హీలె అని డచ్ దేశపు ఆలుమగలు, ఇద్దరు టీచర్లే, ఇదే చెప్పిండ్రు. పిల్ల ముందుగాల ఆకారం చూసి గుర్తువడ్తది. తర్వాత గుణాలు చూస్తది. ఆ తర్వాతనే ఏది దేంట్ల ఒదుగుతదో పట్టుకుంటది. మూడో మెట్టెక్కిన పిల్లను పట్టి మొదటి మెట్టు మీదికి గుంజిండ్రు, నా కోపం గిదీ!

"ఎందుకు చుట్టినవ్ బిడ్డా?" అని అడిగిన. "మూలలు చూసిన మామా, నాలుగు సక్కగనే ఉన్నయ్" అన్నది. రేపు పొద్దుగాల్ల ఆ పరీక్ష పేపరు, పతంగి కాయిదం రెండు పట్టుకొని బడికి పోతున్న. సార్ ముందల బల్ల మీద ఆ కాయిదం పెట్టి తిప్పుత. మీ పిల్లల పేపర్లల్ల గూడ గిట్లనే కొట్టేసిండ్రా? కామెంట్ల రాయుర్రి, ఒక్కోటి చదువుత.